తక్కువ ఖర్చుతో పాత స్విఫ్ట్‌ను మలుపుల్లో నిలకడగా నడిచేలా చేసుకోవడం ఎలా?

లక్ష కిలోమీటర్లు తిరిగిన మారుతి స్విఫ్ట్‌తో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినవారికి ఒక సంగతి అనుభవంలోకి వచ్చే ఉంటుంది. స్టీరింగ్ తిప్పగానే బండి తిరగదు. ముందు ఒక పక్కకు ఒరిగి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత తిరుగుతుంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలితే వెనక భాగం పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. కొత్తలో ఇదే బండి చెప్పినట్టు వినేదే అని గుర్తొచ్చినప్పుడు, బండిని కిందికి దించే స్ప్రింగులు వేయించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. నాకూ వచ్చింది, డబ్బూ పెట్టాను. స్ప్రింగులు మారాక కుదుపు పెరిగింది కానీ మలుపుల్లో తీరు మారలేదు. కొన్ని నెలలకు ముందు టైరు ఒకటి లోపలి అంచున అరిగిపోతే బండిని పైకెత్తి చూశాం. కుడివైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే ఇనుప చేయి) వెనక బుష్‌లో, అంటే ఆ చేయి బాడీకి కలిసే చోట ఉండే తొడుగులో, రబ్బరు సగం దాకా చీలిపోయి ఉంది. ఆ బుష్ ఖరీదు నేను స్ప్రింగులకు పెట్టిన ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా లేదు.

అందుకే డబ్బు కొద్దిగానే ఉన్నవారికి నేను మొదట చెప్పేది ఒకటే. బండి ఇన్నేళ్లలో పోగొట్టుకున్నదాన్ని ముందు తిరిగి తెచ్చుకోవాలి, కొత్తగా ఏదైనా చేర్చడం గురించి ఆ తర్వాతే ఆలోచించాలి. ఇక్కడ నా దృష్టిలో ఉన్నది 2011 నుంచి 2017 వరకు మన దేశంలో అమ్ముడైన స్విఫ్ట్. దీనికి ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్తంభంగా ఉండే అమరిక), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే, మెలిపడగల అడ్డ దూలం) ఉంటాయి. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి అమరిక ఇదే కాబట్టి, ఈ పద్ధతి వాటికీ పనికొస్తుంది.

బండిని దించితే నిజంగా దక్కేదెంత?

మలుపు తిరుగుతున్నప్పుడు లోపలివైపు చక్రాల మీది బరువు కొంత బయటివైపు చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందో తేల్చేవి నాలుగు: బండి బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం, మలుపులో పక్కకు లాగే బలం. వెయ్యి కిలోల బండికి గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో, చక్రాల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లు ఉన్నాయనుకుందాం. గురుత్వాకర్షణలో సగమంత బలం పక్కకు లాగే మలుపులో సుమారు 167 కిలోల బరువు లోపలి నుంచి బయటికి మారుతుంది. అదే బండిని 30 మిల్లీమీటర్లు కిందికి దించితే ఈ లెక్క 157 కిలోలకు తగ్గుతుంది. అంటే అంత ఖర్చుకూ దక్కేది 10 కిలోల తేడా. దానికి బదులుగా, కంపెనీ ఇచ్చిన 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌లో 30 మిల్లీమీటర్లను వదులుకోవాలి. మన ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లను తలచుకుంటే ఇది లాభసాటి బేరం కాదు.

మెక్‌ఫర్సన్ స్ట్రట్ల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. బండి మరీ దిగితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచి, ఆర్మ్ ఏటవాలుగా నిలుస్తుంది. అప్పుడు బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది. ఆ రెండింటి మధ్య దూరం పెరగడంతో, దించిన బండి కొన్నిసార్లు మునుపటి కంటే ఎక్కువగా ఒరగడానికి చూస్తుంది. స్ప్రింగును కోసి దించడమైతే ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. కోసిన స్ప్రింగు తన గూడులో సరిగ్గా కూర్చోదు, చక్రం గుంతలోకి వేలాడినప్పుడు కదిలిపోతుంది. బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు అడ్డుపడే రబ్బరు దిమ్మకు) దెబ్బ తగిలేలోపు ఉండాల్సిన ఖాళీ మిగలదు. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లను కూడా నేను సిఫారసు చేయను. అవి కొన్ని చుట్లను కదలనివ్వకుండా పట్టేయడంతో మిగతా చుట్ల మీద భారం పెరుగుతుంది.

మొదటి రోజు పరీక్ష

ఏ భాగమూ కొనకముందే ఒక ఉదయం ఇంటి దగ్గర కేటాయించండి. డిక్కీలో ఏళ్లుగా మోస్తున్న సామాన్లు తీసేయడంతో మొదలుపెట్టవచ్చు. పెట్రోలు స్విఫ్ట్ బరువు దాదాపు ఒక టన్ను. స్పీకర్ల పెట్టె, పాత పనిముట్లు, నీళ్ల క్యాన్లు కలిపి అరవై కిలోలైనా అది చిన్న బరువు కాదు, పైగా అదంతా వెనక ఇరుసు మీదే పడుతుంది. తర్వాత, బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నప్పుడు టైర్లలో గాలి చూసుకుని, డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీది అంకెలకు సరిచేయండి. సొంత ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే పెట్రోలు బంకుల్లో ఒక మీటరుకూ ఇంకో మీటరుకూ మూడు నాలుగు పీఎస్‌ఐ తేడా రావడం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత సమతలంగా ఉన్న గట్టి నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డంగా రాళ్లు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి, స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి చేయి గానీ తల గానీ పెట్టకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక తెలిసిందంటే బేరింగ్‌ను గానీ, లోయర్ ఆర్మ్ బయటి కొసన ఉండే గుండ్రని కీలైన బాల్ జాయింట్‌ను గానీ అనుమానించాలి. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ వైపు చూడాలి. చిన్న టామీ రాడ్డును లోయర్ ఆర్మ్‌కూ బాడీకీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే బుష్ చీలిక నోరు తెరుచుకుని కనిపిస్తుంది; ఊరికే చూస్తే అది కనబడదు, నా బండిలో రెండు సర్వీసుల్లో ఎవరికీ కనబడనిది అందుకే. చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి కటకటమని శబ్దం వస్తుంటే, చాలావరకు అది స్టెబిలైజర్ బార్ (కుడి ఎడమ చక్రాలను కలుపుతూ బండి ఒరుగుడును తగ్గించే కడ్డీ) కొసల్లో ఉండే లింక్ రాడ్లదే. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పినప్పుడు టంగుమని స్ప్రింగు విదిలించుకున్నట్టు వినిపిస్తే, స్ట్రట్ పైభాగంలో ఉండే మౌంట్ బేరింగ్ బిగుసుకుందని అర్థం.

షాక్ అబ్జార్బర్ల పరీక్షగా బండి మూలను కిందికి నొక్కి వదలడం అందరికీ తెలిసినదే. పూర్తిగా పాడైనవే ఆ పరీక్షకు దొరుకుతాయి, సగం సత్తువ పోయినవి తప్పించుకుంటాయి. కాబట్టి షాక్ గొట్టం మీద నూనెతో తడిసి పేరుకున్న దుమ్ము ఉందేమో చూడండి. అరచేతిని టైరు ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల భాగం) మీద చుట్టూ నెమ్మదిగా నడిపించండి. ఒకచోట ఎత్తు, ఇంకోచోట పల్లం అలల్లా తగిలితే, ఆ చక్రం రోడ్డు మీద ఎగురుతూ పరిగెడుతోందని, షాక్ దాన్ని అణచలేకపోతోందని తెలుస్తుంది. ఈ ఒక్క పరీక్షను నేను మిగతావాటన్నిటికంటే ఎక్కువగా నమ్ముతాను.

టైర్లు

బండి రోడ్డును పట్టుకునేది నాలుగు అరచేతులంత జాగాలో మాత్రమే కాబట్టి, సస్పెన్షన్‌లో ఏం మార్చినా దాని ఫలితం టైరు ద్వారానే రావాలి. టైరు పక్కన డీఓటీ వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు పని అయిపోయినట్టే, కానీ ట్రెడ్ బాగా ఉన్నా రబ్బరు గట్టిపడి పగుళ్లు వేసిన పాత టైరు తడి రోడ్డు మీద అంతకంటే ముందే చేతులెత్తేస్తుంది. టైర్లు మార్చాల్సిన సమయం దగ్గర పడిందంటే, షాకుల కంటే ముందు ఆ డబ్బు టైర్లకు పెట్టండి.

ఇక్కడ ఒక మంచి దారి ఉంది. స్విఫ్ట్ కింది వేరియంట్లకు 165/80 ఆర్14 టైర్లు వస్తే, అదే బండి పై వేరియంటైన జెడ్‌ఎక్స్‌ఐకి 185/65 ఆర్15 వస్తాయి. మొదటి టైరు వ్యాసం లెక్కగట్టితే 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. తేడా మూడొందల్లో ఒక వంతు మాత్రమే కాబట్టి స్పీడోమీటరు అంకెలు మారవు, గేర్ల తీరు మారదు. వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరిగి, పక్క గోడ 132 నుంచి 120 మిల్లీమీటర్లకు తగ్గడంతో స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి స్పందించడం మొదలుపెడుతుంది. జెడ్‌ఎక్స్‌ఐ నుంచి తీసిన కంపెనీ అల్లాయ్ చక్రాలు పాతవి దొరికితే, కొనేముందు బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పించి వంకర లేదని, లోపలి అంచున వెల్డింగ్ జాడ లేదని చూసుకోవాలి. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) పాతదాని కంటే తక్కువ కాకూడదు. ఇంతకంటే వెడల్పయిన టైర్లు ఈ బండికి అనవసరం. స్టీరింగ్ బరువెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది.

బుష్‌లు, లింక్ రాడ్లు

రూపాయికి ఎక్కువ ఫలితం ఇక్కడే వస్తుంది. లింక్ రాడ్ల జత, స్టెబిలైజర్ బార్ బుష్‌లు కొన్ని వందల రూపాయల వ్యవహారం. లింక్ రాడ్‌లో లూజు వస్తే బార్ పని మొదలవడానికి ముందే బండి కొంత ఒరిగిపోతుంది, అంటే కంపెనీ పెట్టి ఇచ్చిన బార్‌నే మనం సగం వాడుకుంటున్నామన్నమాట. లోయర్ ఆర్మ్ బుష్‌లు చీలితే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు చక్రం తన కోణాన్ని తానే మార్చుకుంటుంది. ఎన్నిసార్లు ఎలైన్‌మెంట్ చేయించినా అది నిలవదు. బాల్ జాయింట్ కూడా అరిగి ఉంటే, బుష్‌లు ఒత్తించే కూలీ కలుపుకుని చూసుకుని, ఆర్మ్ మొత్తాన్ని మార్చడమే చవక అవుతుందేమో లెక్క వేసుకోండి.

బిగించే పద్ధతిలో ఒక ముఖ్యమైన విషయం ఉంది. చాలా చోట్ల బండి లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బోల్టులను పూర్తిగా బిగించేస్తారు. బుష్ లోపలి ఇనుప గొట్టం బోల్టుతో బిగుసుకుపోతుంది, బయటి భాగం ఆర్మ్‌కు అతుక్కుని ఉంటుంది, వాటి మధ్య కదలికంతా రబ్బరు మెలిపడటం వల్లనే జరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండిని నేలకు దించగానే ఆ రబ్బరు మెలిపడిన స్థితిలోనే రోజంతా ఉండాలి. గుంత వచ్చిన ప్రతిసారీ ఇంకా మెలిపడి, కొద్ది నెలల్లోనే చీలిపోతుంది. అందుకే బోల్టులను చేతి బిగువుగా ఎక్కించి, ఆర్మ్ కింద జాకీ పెట్టి బండి బరువు చక్రం మీద పడే ఎత్తుకు తెచ్చి, ఆ తర్వాతే టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) చివరి బిగింపు ఇవ్వాలి. పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి మెకానిక్‌ను ఈ మాట అడగడానికి మొహమాటపడకండి.

రబ్బరుకు బదులు వేసే పాలీయూరిథేన్ బుష్‌లు గట్టిగా ఉంటాయి, నిజమే. కానీ వాటికి గ్రీజు అందకపోతే కీచుమంటాయి, రోడ్డు దడ లోపలికి తెస్తాయి. రోజూ తిరిగే బండికి కంపెనీ రబ్బరు బుష్‌లే చాలు.

షాక్ అబ్జార్బర్లు

బుష్‌లు బాగుపడ్డాక కూడా బండి తేలినట్టు ఉంటే అప్పుడు షాకులకు రావాలి. స్ప్రింగు బండిని మోస్తుంది, షాక్ దాని ఊగుడును అణుస్తుంది. బండి ఎంత ఒరగాలో తేల్చేది స్ప్రింగూ బారూ అయితే, ఎంత వేగంగా ఒరగాలో, ఎంత త్వరగా కుదుటపడాలో తేల్చేది షాక్. ఘాట్ రోడ్డులో ఒక మలుపు వెంటే ఎదురు మలుపు వచ్చినప్పుడు మనకు కావలసింది ఈ రెండోదే. అందుకే కంపెనీ స్ప్రింగులను అలాగే ఉంచి కొత్త షాకులు వేయడం, పాత షాకుల మీద గట్టి స్ప్రింగులు వేయడం కంటే ఎన్నో రెట్లు మేలు. గట్టి స్ప్రింగు తిరిగి విచ్చుకునే బలం ఎక్కువ. దాన్ని అణచే శక్తి అరిగిన షాకుకు ఉండదు.

ఒక ఇరుసుకు రెండూ కలిపే మార్చాలి. డబ్బు ఒక్కసారికి సరిపోకపోతే ఈ నెల ఒక ఇరుసు, వచ్చే నెల రెండోది చేయించవచ్చు గానీ, ఒకే ఇరుసు మీద కుడివైపు కొత్తది, ఎడమవైపు పాతది ఉంచడం ప్రమాదం. డీజిల్ బండికి ముందు ఇంజను బరువు ఎక్కువ కాబట్టి ముందు భాగాలను మోడల్ పేరు చెప్పి కాకుండా ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పించుకోవాలి.

వెనక షాకులు ఈ బండిలో స్ప్రింగులకు విడిగా ఉంటాయి కాబట్టి పానాలు, జాకీ, స్టాండ్లు ఉన్నవారు ఇంట్లోనే మార్చుకోవచ్చు. షాక్ కింది బోల్టు తీసేముందు టార్షన్ బీమ్ కింద ఇంకో జాకీ ఆనించి పెట్టాలి; లేకపోతే బీమ్ ఒక్కసారిగా జారి బ్రేకు హోస్ మీద వేలాడుతుంది. ముందు స్ట్రట్ల సంగతి వేరు. అక్కడ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, దాన్ని స్ప్రింగు కంప్రెసర్‌తో (స్ప్రింగును నొక్కిపట్టే పరికరంతో) పట్టకుండా పై నట్టును విప్పితే అది మనిషి ప్రాణం తీయగలదు. ఆ పని సరైన యంత్రం ఉన్న వర్క్‌షాప్‌కే వదిలేయండి. బిగించేముందు కొత్త షాకును నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగమని చెప్పండి. పెట్టెలో పడుకోబెట్టి ఉన్నప్పుడు షాక్ లోపల నూనె పనిచేసే గదిలోకి చేరిన గాలి దాంతో బయటికి పోతుంది. మొదటి రెండు నొక్కుల్లో చేతికి ఖాళీగా తగిలి, ఆ తర్వాత పొడవంతా ఒకే బరువు తెలుస్తుంది. మౌంట్ బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు మూడూ అప్పుడే కొత్తవి వేయించండి. వాటికోసం మళ్లీ స్ట్రట్ విప్పితే కూలీ రెండోసారి కట్టాలి.

ఎలైన్‌మెంట్

పైవన్నీ అయ్యాకే దీనికి వెళ్లాలి, వెళ్లినప్పుడు ముందు, తర్వాత కొలతలున్న ప్రింటు అడిగి తీసుకోవాలి. ఈ బండిలో మామూలుగా సరిచేయగలిగేది ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. ముందు క్యాంబర్ (ఎదుటి నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండే కోణం) కుడి ఎడమల మధ్య కొద్దిగా తేడా ఉంటే స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రం బేరింగ్‌ను పట్టి ఉంచే భాగానికి) కలిపే బోల్టుల దగ్గరున్న సందులో కాస్త సర్దవచ్చు. వెనక టార్షన్ బీమ్‌కు సర్దుబాటే లేదు; అక్కడ కొలతలు తేడాగా వచ్చాయంటే ఎప్పుడో పెద్ద గుంతలో పడో, డివైడరును గుద్దుకునో బీమ్ గానీ, వెనక చక్రం తిరిగే పొట్టి ఇరుసైన స్టబ్ యాక్సిల్ గానీ వంగి ఉంటుంది. అది తెలియకుండా ముందు ఎంత సరిచేసినా బండి అడ్డంగా నడుస్తూనే ఉంటుంది.

ఇంకా ఏదైనా చేర్చాలనిపిస్తే

ఇక్కడిదాకా వచ్చినవారిలో చాలామందికి ఇంకేమీ అక్కర్లేదనే అనిపిస్తుంది. అనిపించకపోతే తర్వాతి మెట్టు యాంటీ రోల్ బార్, అంటే పైన చెప్పిన స్టెబిలైజర్ బారే, ఇంకా లావుది. దీని గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ స్థానంలో 22 మిల్లీమీటర్లది పెడితే దాదాపు 46 శాతం గట్టిపడుతుంది. బార్ మొత్తం మారే బరువును తగ్గించదు, ముందు వెనక ఇరుసుల మధ్య దాని పంపకాన్ని మారుస్తుంది. ముందు చక్రాలు లాగే కారు వేగంగా మలుపులోకి వెళ్తే ముక్కు బయటికి పోతుంది, దీన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనక బార్ గట్టిపడితే ఆ గుణం తగ్గుతుంది. కానీ వానలో, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు వెనక భాగం తిరిగిపోయే అవకాశం కూడా అంతే పెరుగుతుంది, కాపాడడానికి ఈ బండిలో ఈఎస్‌పీ (జారిన బండిని బ్రేకులతో తానే అదుపు చేసే వ్యవస్థ) లేదు. కుటుంబంలో ఇంకొకరు కూడా నడిపే బండికి నేను దీన్ని వేయించను. బానెట్ కింద రెండు స్ట్రట్ల పైభాగాలను కలుపుతూ పెట్టే స్ట్రట్ బ్రేస్ కడ్డీ వల్ల రోడ్డు మీద నాకు తేడా తెలియలేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అరిగిన భాగం స్థానంలో అదే రకం భాగం వేయడానికీ, కంపెనీ తానే పై వేరియంటుకు ఇచ్చిన టైరు కొలత వాడడానికీ ఈ చిక్కు ఉండదు. దానికి మించినది ఏది చేసినా బీమా సంస్థకు ముందుగా రాసి ఇవ్వండి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ప్రతిదాని తర్వాతా ఒకే దారిలో, ఒకే వేగంతో నడిపి చూడండి. ఘాట్ రోడ్డు పరీక్షలకు చోటు కాదు. తెల్లవారుజామున ఖాళీగా ఉండే వెడల్పాటి లేఅవుట్ రోడ్డు, గంటకు 30, 40 కిలోమీటర్ల వేగం సరిపోతాయి. బయలుదేరేముందు ముందు టైరు అంచున, ట్రెడ్ మీది నుంచి పక్క గోడ మీదికి సుద్దముక్కతో మూడు చోట్ల గీతలు గీయండి. నాలుగైదు మలుపులు తిరిగి వచ్చి చూస్తే సుద్ద ఎంతవరకు చెరిగిందో కనిపిస్తుంది. ట్రెడ్ అంచు దాటి గోడ మీదిదాకా చెరిగిపోతే టైరు మడతపడుతోంది, గాలి ఒకటి రెండు పీఎస్‌ఐ పెంచి చూడాలి. అంచు దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువైనట్టు. తేదీ, గాలి అంకె, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ భాగం మారింది అన్నవి ఒక చిన్న పుస్తకంలో రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. పని జరిగిన 500 కిలోమీటర్లకు ఒకసారి వెళ్లి స్ట్రట్, లోయర్ ఆర్మ్, లింక్ రాడ్, చక్రాల నట్లన్నిటికీ మళ్లీ టార్క్ రెంచి పెట్టించి, ఆ అంకెలను కూడా అందులోనే రాయండి.